కొలతకు చిక్కని తరగతి: కోవిడ్ అనంతర అభ్యసన పునరుద్ధరణ నిధులు, ఉపాధ్యాయ శిక్షణ - నంద్యాల, ఆళ్ళగడ్డ నేపథ్యంలో విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

కోవిడ్ కాలంలో బడులు మూతపడటం వల్ల పిల్లల చదువులో ఏర్పడిన లోటును పూడ్చడానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రపంచ బ్యాంకు ఋణంతో 'సాల్ట్' కార్యక్రమాన్ని చేపట్టింది. ముందుగా ఒప్పుకున్న ఫలితాలు రుజువైన మేరకే సొమ్ము విడుదల కావడం ఈ ఋణం ప్రత్యేకత. ఈ పద్ధతి దేనిని ఫలితంగా లెక్కిస్తుంది, దేనిని లెక్కలోకి తీసుకోదు అనే ప్రశ్నను నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతాన్ని ఆధారం చేసుకొని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 2020 జూన్‌లో ఒకటో తరగతిలో చేరిన పిల్లల జట్టు ఆ తరువాత జరిగిన నాలుగు ప్రధాన జాతీయ అభ్యసన సర్వేలలో ఒక్కదానిలోనూ లేదని నిరూపించి, నిధుల షరతులను, ఉపాధ్యాయ శిక్షణ తీరును ఆ జట్టు దృష్టితో పునరాలోచించాలని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: అభ్యసన నష్టం, సాల్ట్ కార్యక్రమం, ఫలితాధారిత ఋణం, ఉపాధ్యాయ శిక్షణ, పునాది అక్షరాస్యత, నంద్యాల జిల్లా, ఆళ్ళగడ్డ.

1. ఉపోద్ఘాతం

విద్యకు ప్రభుత్వం ఎంత ఖర్చు పెట్టిందన్న చర్చ తరచుగా జరుగుతుంది. ఆ సొమ్ము ఏ షరతు మీద వచ్చింది, ఆ షరతు తరగతి గదిలో ఉపాధ్యాయుని పనిని ఎలా ప్రభావితం చేసింది అన్న చర్చ మాత్రం అరుదు. కోవిడ్ తరువాతి కాలంలో ఈ రెండో ప్రశ్నకే ప్రాముఖ్యం ఎక్కువ.

2021 నవంబరు 18న భారత ప్రభుత్వం, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్ల ఋణ ఒప్పందంపై సంతకాలు చేశాయి. 'సపోర్టింగ్ ఆంధ్రాస్ లెర్నింగ్ ట్రాన్స్‌ఫర్మేషన్' అన్న పేరులోని తొలి అక్షరాలతో ఇది 'సాల్ట్'గా ప్రచారంలోకి వచ్చింది. 45 వేలకు పైగా ప్రభుత్వ పాఠశాలలు, 6 నుంచి 14 ఏళ్ళ వయసున్న 40 లక్షలకు పైగా విద్యార్థులు, అంగన్‌వాడీలలోని 10 లక్షలకు పైగా చిన్నపిల్లలు, దాదాపు 1,90,000 మంది ఉపాధ్యాయులు, 50 వేలకు పైగా అంగన్‌వాడీ కార్యకర్తలు దీని పరిధిలో ఉన్నారు. కోవిడ్ వల్ల వెనుకబడిన పిల్లలకు ప్రత్యేక బోధన, ఉపాధ్యాయులకు అవసరాన్ని బట్టి స్వల్పకాలిక శిక్షణ ఈ కార్యక్రమ లక్ష్యాలలో ముఖ్యమైనవి.

ఇంత విస్తృతమైన కార్యక్రమాన్ని ఒక చిన్న ప్రాంతం నుంచి చూడటానికి కారణం ఉంది. నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా నుంచి విడివడి ఏర్పడింది. అంటే ఋణ ఒప్పందం నాటికి ఆ జిల్లాయే లేదు. నంద్యాలకు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, కడపకు పోయే జాతీయ రహదారి మీద ఆళ్ళగడ్డ ఉంది. ఒక వైపు నల్లమల అడవి, మరో వైపు కుందూ నదీ పరీవాహక ప్రాంతపు పొలాలు. 2020 ఏప్రిల్ నెలలో రాష్ట్రంలోకెల్లా ఎక్కువ కోవిడ్ కేసులు నమోదైన జిల్లా ఉమ్మడి కర్నూలే. రాష్ట్రాన్ని ఒకే యూనిట్‌గా తీసుకొని రూపొందించిన పథకం ఇటువంటి చోట ఎలా నిలుస్తుందో చూడటం ఆ పథకానికి మంచి పరీక్ష.

ఇది క్షేత్ర సర్వే కాదు. ప్రభుత్వం, ప్రపంచ బ్యాంకు బహిరంగంగా ప్రకటించిన విషయాలను, జాతీయ సర్వేల నిర్మాణాన్ని, ఈ రంగంలో వచ్చిన పరిశోధన వ్యాసాలను ఒకదాని పక్కన ఒకటి ఉంచి చేసిన విమర్శ.

2. 'నష్టం' అన్న మాటలోని ఊహ

ఈ చర్చలో ఎక్కువగా వినిపించే మాట 'అభ్యసన నష్టం'. దానికి జంటగా 'పునరుద్ధరణ', 'భర్తీ' అన్న మాటలు వస్తాయి. ఇవన్నీ లెక్కల పుస్తకంలోని మాటలు. నష్టం అనాలంటే అంతకుముందు చేతిలో ఏదో ఉండాలి. పునరుద్ధరించాలంటే పూర్వస్థితి ఒకటి ఉండాలి. ఐదో తరగతి చదువుతూ బడికి దూరమైన పిల్లవాడి విషయంలో ఈ మాటలు సరిపోతాయి. అతడికి చదవడం వచ్చు, కొంత మరచిపోయాడు. 2020 జూన్‌లో ఒకటో తరగతిలో పేరు నమోదైన పిల్లకు ఇవి సరిపోవు. ఆమె పోగొట్టుకున్నదేమీ లేదు. ఆమెకు అసలు అందలేదు.

తెలుగు చదవడం నేర్చుకొనే క్రమాన్ని గమనిస్తే ఈ తేడా ఇంకా స్పష్టమవుతుంది. వర్ణమాల, గుణింతాలు, ఆ తరువాత ఒత్తులు, సంయుక్తాక్షరాలు అన్నవి మొదటి రెండు తరగతులలోనే స్థిరపడాలి. మూడో తరగతి వాచకం ఇవన్నీ వచ్చునన్న నమ్మకంతో మొదలవుతుంది. ఒత్తు దగ్గర ఆగిపోయే పిల్లకు పరిసరాల విజ్ఞానమూ, గణితంలోని మాటల సమస్యా ఒకేసారి మూసుకుపోతాయి. కనుక ఆ జట్టు విషయంలో 'పునరుద్ధరణ' అనడం సమస్యను తక్కువ చేసి చూపడమే. అక్కడ కావలసింది మొదటిసారి నేర్పడం. వయసు పెరిగిన తరువాత, పై తరగతి పాఠాల మధ్య, మొదటిసారి నేర్పడం. ఈ పనికి ఉపాధ్యాయునికి వేరే నైపుణ్యం, వేరే సమయం కావాలి.

3. ఒక జట్టు, ఆరేళ్ళ కాలపట్టిక

ఆంధ్రప్రదేశ్‌లో 2020 మార్చి 19 నుంచి బడులు మూతపడ్డాయి. నవంబరు 2న 9, 10 తరగతులు తిరిగి మొదలయ్యాయి. 1 నుంచి 5 తరగతుల పిల్లలు బడికి రావడం 2021 ఫిబ్రవరి 1న గాని మొదలు కాలేదు. రెండో విడత విజృంభించడంతో 2021 ఏప్రిల్ 20 నుంచి 1 నుంచి 9 తరగతులకు మళ్ళీ సెలవు ప్రకటించారు. ఆ తరువాత బడి తెరిచింది 2021 ఆగస్టు 16న. ఈ తేదీలను బట్టి 2020-21లో ఒకటో తరగతి పిల్లలకు దక్కిన బడి సుమారు 11 వారాలు. ఆ వెంటనే వారిని పరీక్ష లేకుండా రెండో తరగతిలోకి పంపారు. మధ్యకాలంలో దూరదర్శన్ సప్తగిరి ఛానెల్లో ప్రసారమైన పాఠాలు కొంత సాయపడి ఉండవచ్చు. కానీ అక్షరం దిద్దించే పని టీవీ తెర చేయలేదు.

ఇదే జట్టు మీద మరి రెండు మార్పులు వచ్చి పడ్డాయి. 2020-21లోనే ప్రాథమిక తరగతులకు ఒక పుట ఇంగ్లీషు, ఎదురు పుట తెలుగు ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలు ప్రవేశించాయి. 2022 జూన్‌లో వచ్చిన 117వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వుతో పాఠశాలలను ఆరు రకాలుగా పునర్వ్యవస్థీకరించి, చాలాచోట్ల 3, 4, 5 తరగతులను సమీప ఉన్నత పాఠశాలలకు తరలించారు. ఈ జట్టు మూడో తరగతిలోకి వచ్చింది సరిగ్గా ఆ ఏడాదే. 2025లో ఆ ఉత్తర్వు రద్దయి తొమ్మిది రకాల పాఠశాలల విధానం వచ్చేనాటికి వీరు ప్రాథమిక విద్య ముగించుకున్నారు. ఆ సంస్కరణల మంచిచెడ్డలు ఈ వ్యాస పరిధిలోవి కావు. బడి మూత, మాధ్యమంలో మార్పు, బడి తరలింపు ఒకే పిల్లల మీద వరుసగా పడ్డాయన్నది మాత్రం గమనించవలసిన విషయం. ఏ లోటు దేని వల్ల వచ్చిందో విడదీయలేని స్థితి అలా ఏర్పడింది.

4. నాలుగు సర్వేలు, ఒక ఖాళీ

ఇంత భారం మోసిన జట్టు గురించి మన దగ్గర ఉన్న సమాచారం ఏమిటి? జాతీయ స్థాయి సర్వేలను వరుసగా చూద్దాం.

2021 నవంబరు 12న జరిగిన జాతీయ సాధన సర్వే 3, 5, 8, 10 తరగతులను పరీక్షించింది. మన జట్టు అప్పుడు రెండో తరగతి. 2022 మార్చిలో జరిగిన పునాది అభ్యసన అధ్యయనం మూడో తరగతిని పరీక్షించింది. మన జట్టు ఇంకా రెండో తరగతిలోనే ఉంది. 2023 నవంబరు 3న జరిగిన రాష్ట్ర విద్యా సాధన సర్వే 3, 6, 9 తరగతులను తీసుకుంది. మన జట్టు నాలుగో తరగతి. 2024 డిసెంబరు 4న జరిగిన పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్ కూడా 3, 6, 9 తరగతులనే తీసుకుంది. మన జట్టు ఐదో తరగతి.

నాలుగు సర్వేలు, నాలుగుసార్లూ గైర్హాజరు. ఇందులో ఎవరి కుట్రా లేదు. పరీక్షించే తరగతులను ముందే స్థిరపరచడం, మధ్యలో 5, 8, 10 బదులు 6, 9 తరగతులకు మారడం అన్న రెండు సాంకేతిక నిర్ణయాల కలయిక ఇది. ఫలితం మాత్రం తీవ్రమైనది. బడిలో అక్షరం మొదలుకావలసిన ఏడాదిని పోగొట్టుకున్న జట్టే అధికారిక కొలతలన్నిటి నుంచీ జారిపోయింది.

వీరిని పట్టుకున్నది ప్రభుత్వేతర సంస్థ ప్రథమ్ గ్రామీణ ప్రాంతాలలో ఇంటింటికీ వెళ్ళి చేసే 'అసర్' సర్వే ఒక్కటే. 2022 అసర్‌లోని మూడో తరగతి ఈ జట్టే. అప్పుడు జాతీయ స్థాయిలో రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 20.5 శాతం. 2018లో ఆ సంఖ్య 27.3 శాతం. 2024 అసర్‌లోని ఐదో తరగతి కూడా ఈ జట్టే. అప్పటికి రెండో తరగతి పాఠం చదవగలిగినవారు సుమారు 49 శాతం. పుంజుకున్నారనడంలో సందేహం లేదు. అయినా ఐదో తరగతిలో సగం మందికి రెండో తరగతి పాఠం కొరుకుడు పడటం లేదు. ఇవి దేశపు సగటులు. ఆళ్ళగడ్డ మండలంలోని ఒక ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయునికి వీటితో చేయగలిగింది చాలా తక్కువ.

జిల్లా స్థాయి పోలికకూ ఇదే చిక్కు. 2021 సర్వేలో ఈ ప్రాంతం ఉమ్మడి కర్నూలు జిల్లా సగటులో భాగం. ఆ సగటులో కె.సి. కాలువ కింద పంట పండే నంద్యాల ప్రాంతమూ ఉంది, ఏటా మిరప కోతలకు గుంటూరు వైపు కుటుంబాలు వలసపోయే ఆదోని, కోసిగి ప్రాంతమూ ఉంది. కోవిడ్‌కు చేరువలో ఉన్న అంకె అదే, అది నంద్యాలకు మాత్రమే చెందిన అంకె కాదు. 2023 సర్వే మండల స్థాయిని యూనిట్‌గా తీసుకోవడం ఈ దిశలో మెచ్చదగిన అడుగు. అయితే పోల్చడానికి దానికి ముందు మండల స్థాయి అంకె లేదు.

5. ఫలితాధారిత ఋణం: బలం, పరిమితి

సాల్ట్ 'ప్రోగ్రామ్ ఫర్ రిజల్ట్స్' అనే పద్ధతిలో ఇచ్చిన ఋణం. సాధారణ ప్రాజెక్టు ఋణంలో కొనుగోళ్ళకు, పనులకు బిల్లులు చూపి సొమ్ము తీసుకుంటారు. ఈ పద్ధతిలో ముందుగా ఒప్పుకున్న సూచికలు ఉంటాయి. వాటిని సాధించినట్టు స్వతంత్ర సంస్థ ధ్రువీకరించాక సొమ్ము విడుదలవుతుంది. ఆ సొమ్ము చేరేది రాష్ట్ర ఖజానాకు. కనుక ఆళ్ళగడ్డలో ఏ బడి ఖాతాలోనూ 'సాల్ట్ నిధి' అన్న పద్దు వెతికితే దొరకదు. బడికి చేరేది శిక్షణ ఉత్తర్వుగా, పరీక్షాపత్రంగా, బోధన సామగ్రిగా చేరుతుంది.

మొత్తం ఎంతన్నదీ చూడాలి. ఒప్పందం నాటి మారకపు రేటు ప్రకారం 25 కోట్ల డాలర్లంటే స్థూలంగా 1,860 కోట్ల రూపాయలు. దానిని 40 లక్షల మంది విద్యార్థులకు పంచితే తలకు సుమారు 4,650 రూపాయలు. ఐదేళ్ళకు పంచితే ఏడాదికి వెయ్యి రూపాయల లోపే. అంగన్‌వాడీ పిల్లలను కలిపితే ఇంకా తగ్గుతుంది. 2020 జనవరిలో మొదలైన అమ్మఒడి పథకం కింద ఒక తల్లికి ఏడాదికి ప్రకటించిన మొత్తం 15,000 రూపాయలు. దీనిని బట్టి సాల్ట్ శక్తి దాని పరిమాణంలో లేదని తెలుస్తుంది. దాని శక్తి షరతులో ఉంది. తక్కువ సొమ్ముతో పెద్ద యంత్రాంగం దృష్టిని ఒక వైపు తిప్పగలగడమే ఇటువంటి ఋణం చేసే పని.

ఈ పద్ధతిని సమర్థించేవారి వాదనలో బలం ఉంది. ఖర్చు పెట్టిన బిల్లును ఫలితంగా చూపే అలవాటుకు ఇది అడ్డుకట్ట వేస్తుంది. ప్రభుత్వాలు మారినా కొన్ని పనులు కొనసాగేలా చేస్తుంది. గోడలు, బల్లలు, రంగుల గురించి మాట్లాడే విద్యాశాఖను చదవడం, లెక్కలు చేయడం గురించి మాట్లాడేలా చేస్తుంది. 'మన బడి నాడు-నేడు' తొలి విడతలో 15,715 బడుల రూపురేఖలు మార్చిన రాష్ట్రానికి ఈ మలుపు అవసరమే.

పరిమితి వేరేచోట ఉంది. ధ్రువీకరించగలిగినదే ఫలితం అవుతుంది. ఎంతమంది ఉపాధ్యాయులు శిక్షణ పూర్తిచేశారన్నది ధ్రువీకరించడం తేలిక. శిక్షణ తరువాత ఒత్తులు రాని నాలుగో తరగతి పిల్లతో ఆ ఉపాధ్యాయురాలు రోజుకు ఎన్ని నిమిషాలు కూర్చున్నదన్నది ధ్రువీకరించడం కష్టం. సూచికకు సొమ్ము ముడిపడి ఉన్నప్పుడు యంత్రాంగం తేలికైన కొలత వైపు మొగ్గడం సహజం.

ఇది కొత్త అనుభవం కాదు. 1862లో ఇంగ్లండులో రాబర్ట్ లో ప్రవేశపెట్టిన నిబంధనావళి పిల్లల హాజరును బట్టి, చదవడం, రాయడం, లెక్కలలో పర్యవేక్షకుని ఎదుట వారు నెగ్గిన సంఖ్యను బట్టి బడికి గ్రాంటు ఇచ్చింది. కవి, పాఠశాలల పర్యవేక్షకుడు అయిన మాథ్యూ ఆర్నాల్డ్ అది బోధనను యాంత్రికం చేస్తుందని విమర్శించాడు. మద్రాసు రాజధానిలోనూ 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో ఫలితాలను బట్టి గ్రాంటు ఇచ్చే పద్ధతి అమలైంది. నేటి ఋణంలో ఫలితానికి సొమ్ము అందేది ఉపాధ్యాయునికి గాని బడికి గాని కాదు, రాష్ట్రానికి. ఆ తేడా ముఖ్యమైనదే. అయితే ఒత్తిడి పైనుంచి కిందికి దిగేటప్పుడు రాష్ట్రం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి మండల విద్యాశాఖాధికారికి, అక్కడి నుంచి బడికి కాగితం రూపంలోనే చేరుతుంది.

6. ఉపాధ్యాయ శిక్షణ: ఈ నేలకు ఉన్న జ్ఞాపకం

బయటి నిధులతో ఉపాధ్యాయ శిక్షణ ఉమ్మడి కర్నూలు జిల్లాకు కొత్త కాదు. 1980లలో బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో మొదలై 1990లలో రాష్ట్రమంతటా విస్తరించిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం కృత్యాధార బోధనను, ఆరు బోధనా సూత్రాలను, ఉపాధ్యాయ కేంద్రాలను పరిచయం చేసింది. ఆ వెంట జిల్లా ప్రాథమిక విద్యా పథకం వచ్చింది. మండల వనరుల కేంద్రం, పాఠశాల సముదాయ సమావేశం వంటి వ్యవస్థల వెనుక ఈ పథకాల అనుభవం ఉంది.

ఆ అనుభవం నేర్పిన పాఠం ఒకటుంది. శిక్షణలో చెప్పిన బాహ్యరూపం త్వరగా బడికి చేరుతుంది. పిల్లలను గుంపులుగా కూర్చోబెట్టడం, గోడకు చార్టులు అంటించడం, కృత్యపత్రాలు పంచడం కంటికి కనబడతాయి, తనిఖీలో చూపవచ్చు. వెనుకబడిన పిల్ల ఎక్కడ ఆగిపోయిందో గుర్తించి అక్కడి నుంచి మొదలుపెట్టడమనే అంతరార్థం మెల్లగా చేరుతుంది, కొన్నిచోట్ల చేరదు. నాటి పథకం మీద లేసీ, కూపర్, టోరెన్స్ 1993లో బ్రిటిష్ విద్యాపరిశోధన పత్రికలో ప్రచురించిన వ్యాసం మూల్యాంకన రూపకల్పనలోని చిక్కులనే వస్తువుగా తీసుకోవడం గమనార్హం. మూడు దశాబ్దాల తరువాత కూడా మనం ఆ చిక్కు దగ్గరే ఉన్నాం.

నేటి శిక్షణలో కొత్త అంశం డిజిటల్ వేదిక. 2019లో మొదలైన 'నిష్ఠ' శిక్షణ కోవిడ్ కాలంలో 'దీక్ష' వేదిక మీదికి మారింది. జాతీయ విద్యావిధానం 2020 ప్రతి ఉపాధ్యాయునికి ఏడాదికి 50 గంటల వృత్త్యంతర శిక్షణ ఉండాలన్నది. గంటలు లెక్కించడానికి వేదిక అనువైనది. దూరపు మండలాల వారికి ప్రయాణ భారం తగ్గించడం దాని మేలు. ఉమ్మడి జిల్లా విద్యా శిక్షణ సంస్థ కర్నూలు దగ్గరి బి. తాండ్రపాడులో ఉంది. ఆళ్ళగడ్డ నుంచి అది వంద కిలోమీటర్లకు పైమాటే. కానీ వీడియో పూర్తిచేసి ధ్రువపత్రం పొందడానికీ, సహోపాధ్యాయుడు తరగతి గదిలో కూర్చొని చూసి చెప్పే మాటకూ ఉన్న దూరాన్ని ఏ వేదికా తగ్గించలేదు. శిక్షకుడు తిరిగి బడికి వచ్చి చూసేవరకు శిక్షణ సగమే.

7. పరిశోధనలు ఏమంటున్నాయి?

ఈ విషయంలో ప్రపంచానికి ఆధారాలను అందించిన ప్రాంతాలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. కార్తిక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఇక్కడి గ్రామీణ ప్రభుత్వ బడులలో జరిపిన అధ్యయనాలు మూడు విషయాలు చెబుతాయి. 2011లో ప్రచురితమైన వ్యాసం ప్రకారం పిల్లల ప్రగతిని బట్టి ఉపాధ్యాయులకు బోనస్ ఇచ్చిన బడులలో రెండేళ్ళ తరువాత గణితంలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల మెరుగుదల కనబడింది. 2010లో ప్రచురితమైన మరో వ్యాసం ప్రకారం పిల్లల స్థాయి గురించి ఉపాధ్యాయులకు వివరమైన నివేదిక ఇవ్వడం మాత్రమే చేస్తే ఫలితాలలో మార్పు రాలేదు. మరికొందరు పరిశోధకులతో కలిసి 2013లో ప్రచురించిన వ్యాసం ప్రకారం బడికి గ్రాంటు వస్తుందని ముందే తెలిసిన రెండో ఏడాది తల్లిదండ్రులు తమ ఖర్చు తగ్గించుకోవడంతో గ్రాంటు ప్రభావం కనబడలేదు. నివేదిక ఒక్కటే చాలదు, సొమ్ము ఒక్కటే చాలదు అన్నది వీటి సారాంశం. బోనస్ పనిచేసిందంటే ఉపాధ్యాయునిలో శక్తి లేక కాదు, ఆ శక్తిని ఆ పని మీద పెట్టే కారణం లేక ఫలితం రాలేదని అర్థం. బోనసే ఆ కారణం కానవసరం లేదు. సమయం, వృత్తిపరమైన తోడ్పాటు, పనికి గుర్తింపు కూడా కారణాలు కాగలవు.

కోవిడ్ తరువాతి పరిస్థితిపై పొరుగున ఉన్న తమిళనాడు నుంచి విలువైన ఆధారం వచ్చింది. అభిజీత్ సింగ్, మౌరీసియో రొమేరో, మురళీధరన్ గ్రామీణ తమిళనాడులో సుమారు 19,000 మంది పిల్లలను పరిశీలించారు. బడులు తెరిచిన ఆరు నెలలలో లోటులో మూడింట రెండు వంతులు పూడిందని, ఆ పూడికలో 24 శాతం 'ఇల్లం తేడి కల్వి' అనే సాయంకాలపు వాలంటీర్ తరగతుల వల్ల వచ్చిందని వారు తేల్చారు. ఈ అంకెలను రెండు వైపుల నుంచీ చదవాలి. వీధిలోని చదువుకున్న యువత చేత నడిపించిన తక్కువ ఖర్చు పథకం కొలవదగిన ఫలితం ఇచ్చింది. మిగిలిన అధిక భాగం ప్రధానంగా బడి నడవడం వల్ల, ఉపాధ్యాయులు తిరిగి పాఠం చెప్పడం వల్ల వచ్చింది. తెలంగాణ 2022 ఆగస్టులో 'తొలిమెట్టు' పేరుతో ప్రాథమిక తరగతులలో పునాది నైపుణ్యాలకు చోటు కల్పించింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ తరగతిని బట్టి కాక స్థాయిని బట్టి బోధించే పద్ధతి ప్రవేశించింది. ఇవన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి. పిల్లకు ఏది రాదో అక్కడి నుంచి మొదలుపెట్టే గంట రోజూ దొరకాలి.

ఆ గంట ఎక్కడి నుంచి రావాలి అన్నది నిధుల ప్రశ్న. హాజరు, మధ్యాహ్న భోజనం వివరాలు యాప్‌లో ఎక్కించే పని ఉపాధ్యాయుని రోజులో కొంత భాగం తింటుంది. ఏ నిధి పత్రంలోనూ ఉపాధ్యాయుని సమయం ఖర్చుగా కనబడదు. అందువల్ల దానిని వృథా చేయడం కూడా ఎక్కడా నష్టంగా నమోదు కాదు.

8. యూనిట్ సమస్య: చెంచు గూడేలు

గిరిజన మండలాలలోని 3,500కు పైగా పాఠశాలలలో ఏడాది పాటు బడికి ముందు చదువు నేర్పాలన్నది సాల్ట్‌లోని మంచి అంశం. ఇక్కడ 'గిరిజన మండలం' అన్న యూనిట్‌నే ప్రశ్నించాలి. నల్లమలలో చెంచులు ప్రత్యేకంగా వెనుకబడిన గిరిజన తెగగా గుర్తింపు పొందినవారు. శ్రీశైలం కేంద్రంగా వారికోసం సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ పనిచేస్తోంది. అయితే వారి గూడేలు ఆత్మకూరు నుంచి అహోబిలం దాకా గిరిజనేతరులు అధికంగా ఉన్న మండలాలలో చెదురుమదురుగా ఉన్నాయి. గిరిజనులు అధిక సంఖ్యలో ఉన్న మండలం అన్న ప్రమాణం ఉత్తర కోస్తాలోని ఏజెన్సీకి సరిపోయినంతగా నల్లమల అంచుకు సరిపోదు. గూడేన్ని యూనిట్‌గా తీసుకుంటే తప్ప ఇటువంటి పిల్లలు లెక్కలోకి రారు. కొలతకు చిక్కని తరగతి కథే ఇక్కడ కొలతకు చిక్కని గూడెంగా మళ్ళీ కనబడుతుంది.

9. ప్రతిపాదనలు

ఒకటి. 2020లో ఒకటో తరగతిలో చేరిన జట్టును పేరు పెట్టి గుర్తించి, పదో తరగతి వరకు అనుసరించాలి. ప్రతి విద్యార్థికీ గుర్తింపు సంఖ్య ఉన్న వ్యవస్థలో, 2022-23 నుంచి ఓ.ఎం.ఆర్. పద్ధతిలో తరగతి ఆధారిత మూల్యాంకనం చేసిన రాష్ట్రంలో ఇది అసాధ్యం కాదు. తరగతి స్థాయి ప్రశ్నలతో పాటు చదవడం, కూడిక తీసివేతల కనీస స్థాయిని ఏడాదికి రెండుసార్లు నమోదు చేస్తే చాలు.

రెండు. శిక్షణ సూచికను మార్చాలి. పూర్తిచేసిన గంటల బదులు, శిక్షణ తరువాత తరగతి గదిలో జరిగిన పరిశీలన, దాని మీద పాఠశాల సముదాయ సమావేశంలో జరిగిన చర్చ లెక్కకు రావాలి. నమూనాగా కొన్ని బడులను ఎంచి ధ్రువీకరించినా సరిపోతుంది.

మూడు. చిన్న బడికి చేతిలో సొమ్ము ఉండాలి. సమగ్ర శిక్ష కింద 30 మంది లోపు పిల్లలున్న బడికి ఏడాదికి దక్కే సంయుక్త గ్రాంటు 10,000 రూపాయలు. సుద్దముక్కల నుంచి మరమ్మతుల దాకా అదే. గ్రాంటును ముందే ఊహించి తల్లిదండ్రులు ఖర్చు తగ్గించుకొనే ప్రమాదాన్ని పరిశోధనలు చూపాయి గనుక, ఇంట్లో కొనలేని వాటికి, అంటే స్థాయిని బట్టి చదివే చిన్న పుస్తకాలకు, వాలంటీర్ గౌరవ వేతనానికి దీనిని కేటాయించడం మేలు. బ్యాంకు పోటీ పరీక్షల శిక్షణకు పేరుపొందిన నంద్యాలలో చదువుకున్న యువతకు కొరత లేదు. సాయంత్రం గంటసేపు వారి సాయం తీసుకొనే ఏర్పాటు కావాలి.

నాలుగు. మండల స్థాయి ఫలితాలను తెలుగులో, తల్లిదండ్రుల కమిటీ చదవగలిగేలా ప్రచురించాలి. ప్రపంచ బ్యాంకుకు సమర్పించే నివేదిక ఆళ్ళగడ్డ తల్లిదండ్రులకు తెలియకుండా పోతే జవాబుదారీతనం పైవైపే ప్రయాణిస్తుంది.

తెలుగు శాఖల పరిశోధకులకూ ఇక్కడ పని ఉంది. తెలుగు చదవడంలో పిల్లలు ఏ దశలో ఆగిపోతున్నారు, గుణింతం దగ్గరా, ఒత్తు దగ్గరా, పాఠ్యపుస్తకపు భాషకూ సీమ మాండలికానికీ మధ్యనా అన్నది ఆర్థికశాస్త్ర సర్వే చెప్పలేదు. అది భాషాశాస్త్రం, బోధనశాస్త్రం కలిసి తేల్చవలసిన ప్రశ్న.

10. ముగింపు

ఫలితాన్ని చూసి సొమ్ము ఇవ్వడం తప్పుడు సూత్రం కాదు. ఫలితం అన్న మాటకు అర్థం చెప్పే హక్కు ఎవరిదన్నదే వివాదం. సాల్ట్ పత్రాలలో ఆ అర్థం రాష్ట్రపు సగటుగా, పూర్తయిన శిక్షణగా స్థిరపడింది. నేర్చుకోవడం జరిగేది మాత్రం ఒక గదిలో, ఒక ఉపాధ్యాయురాలి ముందు. ఈ రెంటి మధ్య ఉన్న ఖాళీలో ఒక జట్టు మొత్తం కనబడకుండా పోయింది. 2025-26లో ఆ పిల్లలు ఆరో తరగతి. ఏ ఏడాదీ ఆగకుండా సాగితే 2030 మార్చిలో పదో తరగతి పరీక్ష రాస్తారు. అప్పటికి ఋణ కార్యక్రమం గడువు ముగిసి ఉంటుంది, ఋణం తీర్చడం మాత్రం సాగుతూ ఉంటుంది. ఆ పరీక్షలో తప్పినవారిని చూసి ఆనాడు కారణాలు వెతకడం కంటే, ఈనాడే నంద్యాల జిల్లాలోని ప్రతి ఉన్నత పాఠశాల తన ఆరో తరగతి పిల్లలను ఒక్కొక్కరినీ పిలిచి రెండో తరగతి వాచకంలోని ఒక పుట చదివించుకోవడం మంచిది. ఆ పనికి విదేశీ ఋణం అక్కరలేదు. దాని తరువాత చేయవలసిన పనికి మాత్రం నిధి, శిక్షణ, సమయం మూడూ కావాలి.